ఎయిర్ రైఫిల్‌కి ఏ పెల్లెట్లు కొనాలి? ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు

బ్రాడీపేట అమ్మ (గుంటూరు)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. శని, ఆదివారాల్లో విజయవాడ తీసుకెళ్లి రేంజ్‌లో ప్రాక్టీస్ చేయిస్తున్నాం. మిగతా రోజుల్లో ఇంట్లోనే పెల్లెట్ లేకుండా నిలబడటం, గురి పట్టడం సాధన చేస్తుంది.

రైఫిల్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. జర్మనీలో తయారైన మ్యాచ్ రైఫిల్, గాలి సిలిండర్‌తో పనిచేసేది. అమ్మినాయన సగం వాడిన పెల్లెట్ల డబ్బా కూడా ఇచ్చారు. ఆ డబ్బా ఉన్నన్నాళ్లూ 60 షాట్లకు 600 పైనే కొట్టేది. అది అయిపోయాక ఒక షాపులో వేరే డబ్బా కొన్నాం. అప్పటినుంచి 590, 595 దగ్గర ఆగిపోయింది. తొమ్మిది పాయింట్ల షాట్ పడినప్పుడల్లా "నేను సరిగ్గానే వదిలాను కదమ్మా" అంటుంది. ఆ పిల్ల సాకులు చెప్పే రకం కాదు. వాళ్ల నాన్నగారేమో పరీక్షల టెన్షన్ వల్లే స్కోరు తగ్గిందంటున్నారు.

షాపతను "అన్నీ ఒకటేనమ్మా, పేర్లే తేడా" అన్నాడు. ఇంటికొచ్చి చూస్తే డబ్బా కింద బ్యాచ్ నంబర్ ఉండే స్టిక్కర్ చింపేసి ఉంది. కోచ్ గారు ఆర్10 మ్యాచ్ అనే రకం పెల్లెట్లు కొనమంటున్నారు. దాని ధర చూస్తే గుండె ఆగినంత పనైంది. తోటి అమ్మాయి వాళ్ల నాన్న "4.49 సైజే తీసుకోండి" అంటారు. సీనియర్ అబ్బాయి ఒకరు "4.50 కంటే మంచిది లేదు ఆంటీ" అంటాడు. సైజులో ఒక మిల్లీమీటరులో వందో వంతు తేడా. అంత చిన్న తేడాకి నిజంగా స్కోరు మారుతుందా? మారితే, మాకు ఏది సరిపోతుందో డబ్బు తగలేయకుండా తెలుసుకునే దారి ఉందా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

పటమట పాత షూటర్ (విజయవాడ)

అమ్మా, మీ అమ్మాయి మాట నమ్మండి. "సరిగ్గానే వదిలాను" అని చెప్పగలుగుతోందంటే ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో గురి ఎక్కడుందో చూసుకుంటోందన్నమాట. ఆ అలవాటు రావడమే కష్టం. అది వచ్చిన పిల్లకి పెల్లెట్ అడ్డుపడకూడదు.

ముందు మీరు అడిగిన వందో వంతు సంగతి. పెల్లెట్ సీసంతో చేస్తారు. తల చదునుగా, నడుము సన్నగా, వెనక భాగం లంగా అంచులా విచ్చుకుని బోలుగా ఉంటుంది. ఆ వెనక భాగాన్నే స్కర్ట్ అంటాం. వెనకనుంచి గాలి తోసినప్పుడు స్కర్ట్ వెడల్పై బారెల్ గోడకి అతుక్కుంటుంది, తల బారెల్ లోపల మెలికలుగా ఉండే గాడుల మీద ఆనుకుని ముందుకు జారుతుంది. బారెల్ లోపలి కొలత ఏ రెండు రైఫిళ్లకీ సరిగ్గా ఒకటిగా ఉండదు. ఒకే కంపెనీ, ఒకే మోడల్ అయినా అంతే. అందుకే 4.48 నుంచి 4.51 వరకు వేర్వేరు తల కొలతలతో పెల్లెట్లు తయారుచేస్తారు. తల వదులైతే బారెల్‌లో కాస్త పక్కకి ఒరిగి బయటికి వస్తుంది. మరీ బిగువైతే వేగం షాట్ షాట్‌కీ మారుతుంది. కాబట్టి 4.49 అన్నాయనా, 4.50 అన్న అబ్బాయీ ఇద్దరూ నిజమే చెబుతున్నారు, కాకపోతే ఎవరి రైఫిల్ గురించి వాళ్లు చెబుతున్నారు. మీ రైఫిల్‌కి ఏది సరిపోతుందో కాగితం మీద కొట్టి చూస్తేనే తెలుస్తుంది.

ఇక స్కోరు. పది మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది అనేది అర మిల్లీమీటరు చుక్క. పెల్లెట్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. పెల్లెట్ మధ్య బిందువు టార్గెట్ మధ్య నుంచి రెండున్నర మిల్లీమీటర్ల లోపు ఉంటే 10.0 వస్తుంది. అక్కడినుంచి లోపలికి ప్రతి పావు మిల్లీమీటరుకీ పాయింట్‌లో పదో వంతు పెరుగుతూ 10.9 దగ్గర ఆగుతుంది. ఇప్పుడు రైఫిల్‌ని కదలకుండా పట్టి ఉంచే వైస్‌లో బిగించి ఒకే టార్గెట్ మీద పది షాట్లు కొట్టామనుకోండి. సరిపోయే పెల్లెట్ అయితే పదీ దాదాపు ఒకే రంధ్రంలోంచి పోతాయి. అంచు నుంచి అంచుకి కొలిస్తే ఐదున్నర మిల్లీమీటర్లు ఉంటుంది. సరిపోనిదైతే ఎనిమిది వరకు పోతుంది. అందులో పెల్లెట్ వెడల్పు 4.5 తీసేస్తే మూడున్నర, దాంట్లో సగం అంటే మనిషి ప్రమేయం లేకుండానే మధ్య నుంచి పావు తక్కువ రెండు మిల్లీమీటర్లు పక్కకి పడ్డట్టు. 10.9 పడాల్సింది 10.3 అవుతుంది.

లెక్క వేస్తే, ఇప్పుడు 595 కొడుతున్న పిల్లకి ఈ తేడా వల్ల నాలుగైదు పాయింట్లు పోతాయి. మీ 600కీ 595కీ మధ్య పోయింది దాదాపు అదే. ఇదే తేడా 625 కొట్టే షూటర్‌కి పది పాయింట్ల దాకా తగులుతుంది. ఎందుకంటే చేతి తప్పు తగ్గేకొద్దీ పెల్లెట్ తప్పు బయటపడుతుంది. అందుకే పెద్ద షూటర్లు లాట్ టెస్టింగ్ కోసం, అంటే ఒక్కో బ్యాచ్ పెల్లెట్లని తమ రైఫిల్‌తో కొట్టి చూసుకోవడం కోసం, అంత ఖర్చుపెట్టి తిరుగుతారు. మీకిప్పుడు అంత అవసరం లేదు, కానీ చెడ్డ డబ్బా మాత్రం వద్దు.

డబ్బు పెట్టకుండా చేసుకోగలిగే పని ఒకటి ముందు చేయండి. రైఫిల్‌ని స్టాక్‌కి (భుజానికి ఆనించుకునే భాగానికి) పట్టి ఉంచే స్క్రూలు, వెనక సైట్ స్క్రూలు బిగువుగా ఉన్నాయో లేదో కోచ్ గారితో చూపించండి. వదులైన స్క్రూని పెల్లెట్ తప్పు అనుకుని డబ్బా మీద డబ్బా కొన్నవాళ్లని చాలామందిని చూశాను. సిలిండర్‌లో గాలి మీటరు ఆకుపచ్చ గీత దాటి కిందికి పడకముందే నింపుకోవాలి. సిలిండర్ మీద ముద్రించిన తేదీ కూడా చూడండి. సెకండ్ హ్యాండ్ అన్నారు కాబట్టి చెబుతున్నాను, వాటిని పదేళ్ల వరకే వాడాలి. గడువు దాటితే మ్యాచ్‌లో అనుమతించరు. దానికంటే ముందు ఇది పిల్ల మొహం పక్కన పెట్టుకునే వస్తువు. బారెల్ ఎప్పుడు శుభ్రం చేశారో తెలియకపోతే ఫెల్ట్ గుళికలతో ఒకసారి తుడిపించండి. తుడిచాక మొదటి కొన్ని షాట్లు అటూ ఇటూ పడతాయి, వాటిని లెక్కలోకి తీసుకోవద్దు.

తర్వాత మీ దగ్గరున్న డబ్బాలోంచి గుప్పెడు పెల్లెట్లు తీసి తెల్లటి మెత్తని గుడ్డ మీద పోసి, టేబుల్ లైటు కింద చూడండి. ఒక్కొక్కదాన్నీ పక్కకి పడుకోబెట్టి వేలితో దొర్లించండి. స్కర్ట్ గుండ్రంగా ఉంటే ఒకే తీరుగా సున్నా చుట్టి తిరుగుతుంది. నొక్కుకుపోయి ఉంటే మధ్యలో ఆగి ఎగిరినట్టు కదులుతుంది. సీసం చాలా మెత్తన, డబ్బా ఒకసారి చేయి జారి కింద పడితే చాలు, సగం స్కర్టులు వంకరపోతాయి. పైన బూడిద తెలుపు పొడి అంటుకుని ఉంటే గాలిలో చెమ్మ తగిలి పాడయ్యాయని అర్థం. కృష్ణ ఒడ్డున ఉండేవాళ్లకి వానాకాలంలో ఇది మామూలే. మూత చుట్టూ టేపు వేసి, మందుల డబ్బాల్లో వచ్చే చిన్న సిలికా జెల్ పొట్లం ఒకటి లోపల పెట్టుకుంటే ఆగుతుంది.

ఇక కొనే విషయం. ఒకేసారి డబ్బాలు కొనకండి. డబ్బాకి 500 ఉంటాయి, టెస్ట్‌కి అన్ని అక్కర్లేదు. రేంజ్‌లో తోటివాళ్లని అడిగి ఒక్కో రకం ముప్ఫై చొప్పున తెచ్చుకోండి. మాలో మాకు ఇది అలవాటే, ఎవరూ కాదనరు. ఆర్10, ఫినాలే మ్యాచ్, జె.ఎస్.బి. మ్యాచ్ ఈ మూడిట్లో దొరికిన సైజులు చాలు. రైఫిల్ కోసం చేసిన 0.53 గ్రాముల రకమే తీసుకోండి. 0.45, 0.49 గ్రాములవి పిస్టల్ వాళ్లవి. అవి పనికిరావని కాదు, కొన్ని రైఫిళ్లలో బాగానే పడతాయి, కానీ మొదలు ఇక్కడినుంచి కాదు.

వైస్ దొరికితే మంచిది. దొరకకపోతే ఇసుక సంచుల మీద రైఫిల్ పెట్టి, కుర్చీలో కూర్చుని కొట్టినా చెడ్డవాటిని ఏరేయడానికి సరిపోతుంది. గాలి సిలిండర్ రైఫిల్‌కి వెనక్కి తన్నడం లేనట్టే కాబట్టి ఈ పద్ధతి పనిచేస్తుంది. రకం మార్చిన ప్రతిసారీ మొదటి ఐదారు షాట్లు వదిలేయండి, బారెల్‌కి కొత్త సీసం అలవాటవ్వాలి. తర్వాత పది షాట్లు ఒకే కాగితం మీద. కాగితం మీద పెల్లెట్ పేరు, సైజు, బ్యాచ్ నంబర్ రాయండి. మళ్లీ ఇంకో పది. మొదటి పదిలో బాగా పడి రెండో పదిలో చెదిరిపోయేదాన్ని నమ్మకండి. ఐదు షాట్ల గ్రూపు చూసి సంతోషపడిపోయేవాళ్లున్నారు, అదృష్టం ఐదు షాట్ల వరకు ఎవరికైనా కలిసొస్తుంది.

గెలిచిన రకం తేలాక, అదే బ్యాచ్ నంబర్ ఉన్న డబ్బాలు మీ స్తోమతను బట్టి ఒకేసారి కొనండి. పేరూ సైజూ ఒకటే అయినా బ్యాచ్ మారితే పెల్లెట్ మారినట్టే. స్టిక్కర్ చింపిన డబ్బాని ఎంత తక్కువకి ఇచ్చినా తీసుకోవద్దు. మీ రైఫిల్ అమ్మినాయన ఫోన్ నంబర్ ఉంటే ఈ రోజే అడగండి, ఆ సగం డబ్బా ఏ రకం, ఏ బ్యాచ్ అని. మీకు సగం పని అక్కడే అయిపోవచ్చు.

పట్టాభిపురం రిటైర్డ్ (గుంటూరు)

పటమట వారు చెప్పినది అక్షరాలా నిజం. నేను ఉద్యోగరీత్యా చాలా ఏళ్లు టెక్సాస్‌లో ఉండి వచ్చినవాణ్ని. అక్కడ ఒక మిత్రుడి పొలంలో ప్రెయిరీ డాగ్‌ల బెడద ఉండేది. పేరులో డాగ్ ఉన్నా కుక్క కాదు, బొరియలు తవ్వుకుని గుంపులుగా ఉండే ఉడుత జాతి. వాటి కోసం ఆయన .223 రెమింగ్టన్ రైఫిల్ వాడేవారు. తూటాలు తనే ఇంట్లో నింపుకునేవారు. అక్కడ అది చట్టబద్ధమైన హాబీ. ఆయన గ్యారేజీలో కూర్చుని నేను నేర్చుకున్నది ఈ పెల్లెట్ల విషయానికి చాలా దగ్గరగా ఉంది కాబట్టి రాస్తున్నాను.

ఆయన మొదట పౌడర్ (తూటాలో మండే మందు) గురించి ఆలోచించేవారు కాదు. బారెల్ గాడులు ఎంత దూరంలో ఒక చుట్టు తిరుగుతాయో చూసేవారు. పన్నెండు అంగుళాలకి ఒక చుట్టు తిరిగే పాత బారెల్ అయితే 55 గ్రెయిన్ల బరువున్నవి, అంతకంటే తేలికైన బుల్లెట్లే నిలకడగా పోతాయి. ఏడెనిమిది అంగుళాలకే చుట్టు తిరిగితే బరువైనవి కూడా పోతాయి. బుల్లెట్ తేలాకే పౌడర్. చిన్న కేసు (మందు నింపే లోహపు గొట్టం), తేలిక బుల్లెట్ అయితే కాస్త వేగంగా మండే పౌడర్ కావాలి. పెద్ద కేసు, బరువైన బుల్లెట్ అయితే నెమ్మదిగా మండేది.

ఆయన బల్ల మీద రెండు డబ్బాలు ఎప్పుడూ ఉండేవి, హెచ్335, వార్గెట్. మొదటిది సన్నటి గింజల్లా ఉండి కొలత పాత్రలోంచి నీళ్లలా జారుతుంది. వందల తూటాలు నింపాలంటే అదే హాయి. రెండోది చిన్న పుల్లల్లా ఉంటుంది, కొలతలో ఇరుక్కుంటుంది, ఒక్కొక్కటీ త్రాసులో తూచుకోవాలి. కానీ చలికీ ఎండకీ దాని మంట పెద్దగా మారదు. ఆ ప్రాంతంలో జనవరిలో నీళ్లు గడ్డకడతాయి, ఆగస్టులో మన గుంటూరు ఎండని గుర్తుచేస్తుంది. చలికాలంలో సరిచేసుకున్న గురి వేసవిలో తప్పకూడదంటే ఆయన రెండోదే తీసేవారు. కేసు దాదాపు నిండేలా ఉన్న పౌడర్‌ని ఇష్టపడేవారు. లోపల ఖాళీ తక్కువైతే ప్రతి షాట్‌కీ ఒకేలా అంటుకుంటుందనేవారు.

ఒక విషయంలో మాత్రం చాలా కఠినంగా ఉండేవారు. పౌడర్ కంపెనీ ప్రచురించిన పుస్తకంలోని అతి తక్కువ కొలతతో మొదలుపెట్టడం, కొంచెం కొంచెంగా పెంచడం, తూటా అడుగున మందుని అంటించే ప్రైమర్ చదునైపోయినా బోల్టు తెరవడానికి బిగిసినా అక్కడే ఆపేయడం. పక్కవాడి రైఫిల్‌లో బాగుందని ఆ కొలతని తన రైఫిల్‌లో ఎప్పుడూ పెట్టలేదు. బల్ల మీద ఒకేసారి రెండు పౌడర్ డబ్బాల మూతలు తీసి ఉంచలేదు.

ఇది చదివి ఇక్కడ ఎవరూ ప్రయత్నించకండి. మన దేశంలో లైసెన్స్ లేకుండా ఇంట్లో తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. రైఫిల్‌కి లైసెన్స్ ఉన్నా తూటా తయారీకి అది వర్తించదు. నేను చెప్పదలచుకున్నది బ్రాడీపేట అమ్మగారికి. అక్కడ బుల్లెట్, పౌడర్, ప్రైమర్, కేసు, బుల్లెట్ కూర్చునే లోతు, ఇన్ని మార్చి మార్చి చూడాలి. మీకు మార్చాల్సినవి మూడే, రకం, తల సైజు, బ్యాచ్. ఓపికగా ఒక్క పూట కూర్చుంటే తేలిపోతుంది. ఒకసారికి ఒక్కటే మార్చండి.

దుగ్గిరాల రైతుబిడ్డ

అన్నా, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. మా మొక్కజొన్న కంకుల మీద రామచిలుకలు గుంపులుగా వాలుతున్నాయి. మా మేనమామ వాళ్లకి కొండపల్లి వైపు అడవిపందుల గొడవ. లైసెన్స్ అక్కర్లేని ఎయిర్ రైఫిల్ కొని, మొన దేలిన పెల్లెట్లు వాడితే పనవుతుందా? ఏ పెల్లెట్ మంచిది?

పటమట పాత షూటర్ (విజయవాడ)

వద్దు తమ్ముడూ. రామచిలుక, అడవిపంది రెండూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవే. పంట నష్టం నిజమే, నీ బాధ నాకు అర్థమవుతుంది, కానీ నువ్వే కేసులో ఇరుక్కుంటావు. చట్టం సంగతి పక్కన పెట్టినా అది పని జరిగే మార్గం కాదు. మేం మ్యాచ్‌లో వాడే రైఫిల్ నుంచి పెల్లెట్ సెకనుకి 170 మీటర్ల వేగంతో వస్తుంది. శక్తి ఎనిమిది జౌల్స్ లోపే. అది కాగితాన్ని శుభ్రంగా కోయడానికి చేసింది. దానికంటే బలమైనది తెచ్చినా పందికి గాయమే అవుతుంది, చావదు. గాయపడిన పంది మనిషి మీదికి వస్తుంది. మీ మామయ్యని అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వమను. చిలుకలకి కంకి పాలు పోసుకునే దశ నుంచే మెరిసే రిబ్బన్లు వరసకి అడ్డంగా కట్టండి. గాలికి అవి చేసే చప్పుడూ మెరుపూ కొన్నాళ్లు ఆపుతాయి. అలవాటు పడుతున్నాయనిపిస్తే చోటు మార్చండి. గట్టు పక్క వరసలకైనా వల వేసుకోగలిగితే ఇంకా మంచిది.

బ్రాడీపేట అమ్మ (గుంటూరు)

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. రైఫిల్ అమ్మినాయనకి ఫోన్ చేశాం. అది ఫినాలే మ్యాచ్, 4.50 అని చెప్పారు. బ్యాచ్ నంబర్ ఆయన స్కోరు పుస్తకంలో రాసుకున్నారట, చూసి పంపారు. ఆ బ్యాచ్ ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదు. మీరు చెప్పిన గుడ్డ పరీక్ష కూడా చేశాం. షాపు డబ్బాలో పదింటికి రెండు మూడు వంకరవే. మా అమ్మాయి వాటిని వేరే చిన్న గిన్నెలో వేసి వాళ్ల నాన్నకి చూపించింది. ఆయన ఇంకేమీ అనలేదు.

ఇంకొక్క సందేహం. మంచి డబ్బా దొరికినా రోజూ అవే వాడితే మాకు కుదరదు. ప్రాక్టీస్‌కి చవకవి, మ్యాచ్‌కి మంచివి వాడొచ్చా? ఇంకోటి, తను పెల్లెట్లు అరచేతిలో పోసుకుని కూర్చుంటుంది, సీసం కదా, ప్రమాదమా?

పటమట పాత షూటర్ (విజయవాడ)

పాత బ్యాచ్ దొరకకపోయినా నష్టం లేదమ్మా. తల సైజు 4.50 అని తెలిసింది కదా, అక్కడ మొదలుపెట్టి 4.49 కూడా ఒకటి చూడండి. రెండిట్లో తేలిపోతుంది.

ప్రాక్టీస్‌కి చవకవి వాడొచ్చు, ఒక షరతు మీద. పెల్లెట్ మారితే దెబ్బ పడే చోటు మారుతుంది. అందుకని చవక డబ్బాతో స్కోరు వేయకండి, రాయకండి. నిలబడటం, ఊపిరి, ట్రిగ్గర్ సాధన చేసే రోజుల్లో టార్గెట్ తిప్పి ఖాళీ తెల్ల కాగితం మీద కొట్టించండి. స్కోరు వేసే రోజు మొదటి షాట్ నుంచీ మంచివే. మ్యాచ్‌కి రెండు వారాల ముందు నుంచి చవక డబ్బా అసలు తీయకండి. వంకర స్కర్టులవి ప్రాక్టీస్‌కి కూడా వద్దు. సరిగ్గా వదిలిన షాట్ తొమ్మిదిలో పడితే పిల్లకి తన మీద తనకే అనుమానం మొదలవుతుంది, దాన్ని పోగొట్టడానికి నెలలు పడుతుంది.

సీసం మాట మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. అరచేతిలో పోసుకోవడం మానిపించండి, మూతలో కొన్ని వేసుకుని ఒక్కొక్కటీ తీసుకోమనండి. పెల్లెట్ నోట్లో పెట్టుకునే అలవాటు కొందరు పిల్లలకి ఉంటుంది, గమనించండి. రేంజ్‌లో ఉండగా ఏమీ తినకూడదు. అయిపోగానే సబ్బుతో చేతులు, మొహం కడుక్కున్నాకే టిఫిన్ బాక్స్ తెరవాలి. షూటింగ్ జాకెట్‌ని ఇంట్లో మంచం మీద పడేయకుండా విడిగా తగిలించండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే డబ్బా అల్మారాలో తాళం వేసి ఉంచండి.

వచ్చే శనివారం విజయవాడ వస్తే రైఫిల్ తీసుకురండి. నా దగ్గర 4.49, 4.50 రెండూ ఉన్నాయి, వైస్ కూడా ఉంది. మీ ఆయన్ని కూడా తీసుకురండి, కాగితాల మీద బ్యాచ్ నంబర్లు రాయడానికి ఒక మనిషి కావాలి.